టెస్టరు మామ

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఏ ఊళ్ళోకి వెళ్ళినా ఒక టెస్టరు మామ తగులుతాడు. జనం పెన్ను పెట్టుకునే జేబులో ఆయన టెస్టరు పెట్టుకుంటాడు. రొయ్యల గుంటల మీద ఏరియేటర్ల మోటార్లు ఏళ్ళ తరబడి విప్పి బిగించినవాడు, ఉప్పుగాలికి తుప్పెక్కిన బోల్టులతో కుస్తీ పట్టినవాడు. అందుచేత తిరిగేది, వెలిగేది, కాగేది ఏదైనా తన శాఖలోకే వస్తుందని ఆయన లెక్క. ఎవరింట్లో మిక్సీ మొరాయించినా కబురు చేయకుండానే వస్తాడు. అదే చిక్కు.

మామకు సిసలైన పరీక్ష ఓటీజీ అనే కరెంటు ఓవెన్. బెంగుళూరు కోడలో, చెన్నై కూతురో పండక్కి వచ్చినప్పుడు తెచ్చిపెట్టిన పెట్టె అది. మనవడికి కేకు చేద్దామని అత్త స్విచ్చి వేస్తుంది. లైటు వెలగదు. మామ కళ్ళు వెలుగుతాయి.

ముందు వెనకరేకు ఊడుతుంది, తర్వాత పక్కరేకులు. మల్టీమీటరు బయటికొస్తుంది. 230 వోల్టుల మీద 750 వాట్లు లాగే రాడ్డు దాదాపు 70 ఓములు చూపించాలి. రెండు రాడ్లూ బుద్ధిగా చూపిస్తాయి. ఫ్యూజు బాగుంది, థర్మోస్టాటు బాగుంది, వైర్లు బాగున్నాయి. "ఏందబ్బా ఇది, అన్నీ బాగుండి పెట్టె బాగలేదు" అని పొద్దుగూకేదాకా తల గోక్కుంటాడు. చాలా ఓటీజీల్లో టైమరు సున్నా మీద ఉంటే రాడ్లకు కరెంటే పోదు. ఆ సంగతి పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, కానీ పుస్తకం చూసి పని చేయడం మామ పరువుకు తక్కువ. రేకులు మళ్ళీ బిగించాక అత్త వచ్చి ఆ టైమరు నాబు తిప్పుతుంది. రాడ్లు ఎర్రబడతాయి.

"చూశావా మే, విప్పి బిగిస్తే దారికొచ్చింది!"

మిగిలిపోయిన రెండు స్క్రూలూ కంపెనీవాడు దుబారాగా పెట్టినవేనట. అవి మామ స్క్రూల సీసాలోకి పోతాయి.

ఇదంతా ఎండాకాలం ముచ్చట. అసలు కథ కార్తీకంలో మొదలవుతుంది. నెల్లూరు తీరానికి వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య ఈశాన్య రుతుపవనాలు తెచ్చేవే. ఆ చెమ్మరోజుల్లో ఓటీజీ వేయగానే ఇల్లంతా చీకటైపోతుంది. కరెంటు లీకును పసిగట్టే డబ్బా, ఆర్‌సీసీబీ, పడిపోయిందన్నమాట. కారణం రాడ్డు లోపల ఉంటుంది. లోహపు గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ, తీగకూ గొట్టానికీ నడుమ మెగ్నీషియం ఆక్సైడు పొడి. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. గొట్టం కొసన సీలు చెడితే మాత్రం గాలిలోని తేమను పీల్చేస్తుంది. అప్పుడు కరెంటు కాస్త గొట్టం మీదికి, అక్కణ్ణుంచి ఎర్తులోకి జారుతుంది. జారేది 30 మిల్లీఆంపియర్లకు చేరితే చాలు, ఆర్‌సీసీబీ సరఫరా కట్టేస్తుంది.

మామ సిద్ధాంతం వేరు. "కరెంటు పక్కనే నేలటూరులో తయారవుతుండాది గదా. మనకు పొయ్యి మీంచి దించినట్టు వేడివేడిగా వచ్చేస్తుండాది. డబ్బా తట్టుకోలేక పడిపోతుండాది." నేలటూరు థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న మాట నిజమే. ఆ కరెంటు గ్రిడ్డులో కలిసిపోయాక దానికి ఊరూ పేరూ ఉండవని చెప్పబోయిన పదో తరగతి పిల్లోడికి "నీకేం తెలుసురా అబ్బయ్యా" అన్న జవాబు దక్కుతుంది.

మల్టీమీటరు ఈసారీ అన్నీ బాగున్నాయనే అంటుంది. చిన్న బ్యాటరీతో నడిచే దానికి ఇలాంటి లీకు చాలాసార్లు దొరకదు. దాంతో మామ ఆఖరి అస్త్రం తీస్తాడు. ప్లగ్గుకు ఎర్తు పిన్ను పీకేసి, 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ పెట్టెలో గుచ్చుతాడు. 1500 వాట్ల ఓటీజీ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. ప్లాస్టిక్కు కమురువాసన అటుంచండి. ఎర్తు లేని ఆ రేకుమీద మనిషి చెయ్యి పడేదాకా ఆర్‌సీసీబీకి కూడా ఏమీ తెలియదు. చెయ్యి వేసేది అత్త. ఇక్కడ మాత్రం నవ్వు రాదు. అత్తకూ రాదు. ప్లగ్గు పీకి కొంగున దోపుకుని, ఐటీఐ చదివిన కుర్రోడికి ఫోను చేస్తుంది.

కుర్రోడు ఇలాంటి లీకును పట్టే మెగ్గరు తెస్తాడు. 500 వోల్టులు పెట్టి తీగకూ గొట్టానికీ మధ్య చూస్తే ముల్లు సున్నా వైపు వాలిపోతుంది. "కింద రాడ్డు చెమ్మ పట్టింది మామా, మార్చేయాల." మార్చేస్తాడు కూడా. పని జరుగుతున్నంతసేపూ మామ రాడ్డు వంక చూడడు, మెగ్గరు వంకే చూస్తాడు. ధర ఎంతో అడుగుతాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ అంగట్లో దొరుకుతుందో అడుగుతాడు.

వారం తిరక్కుండా మెగ్గరు మామ భుజానికెక్కుతుంది. వీధిలోని గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు, గీజర్లు వరసగా పరీక్ష రాస్తాయి. మిగిలింది ఎదురింటి మైక్రోవేవ్ ఒక్కటే. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటరులో దాదాపు 2000 వోల్టులు నిలిచి ఉండొచ్చని, ప్రాణం తీస్తుందని, కుర్రోడు పోతూపోతూ అత్త చెవిన వేశాడు. అత్త ఎదురింటావిడ చెవిన వేసింది. అందుకే మామ గడప ఎక్కీ ఎక్కకముందే ఆవిడ అందుకుంటుంది: "మాది బాగానే పనిచేస్తుండాదన్నా."

"ఎన్నాళ్ళు చేస్తదిలేమ్మా" అంటూ మామ దాని వెనకరేకు వైపు వంగి చూస్తాడు.