కారవాన్ సారు కిరాణా

(పత్తికొండలో ఒక అంగడి. ముందర బెంగళూరు కారవాన్. దాని వెనక సుగ్గికి (కోత కూలి వలసకు) పోయే ఐచర్ లారీ, హారన్ మీద హారన్.)

సారు: ఆర్గానిక్ టమోటా ఉందా? యాప్ ఏమో ఈ పిన్‌కోడ్‌కి సర్వీసే లేదంటోంది.

శెట్టి: టమోటాకు యాప్ ఎందుకు సార్, మార్కెట్ యార్డు ఈ పక్కనే. మీ ఫ్రిజ్‌లోవి యాడ కొన్నారు?

సారు: బెంగళూరు సూపర్‌మార్కెట్లో. అరకిలో ప్యాకెట్.

శెట్టి: ఈడనుంచి పోయినవే అయ్యుంటాయి. మీ పుణ్యాన ఏసీలో పుట్టింటికొచ్చినాయి పాపం. 2023 జూలైలో కిలో నూరు దాటిన పండు, సెప్టెంబరుకు రోడ్డు పాలైంది. అప్పుడొచ్చింటే మీ టైర్లకు కూడా ఆర్గానిక్కే!

సారు: నాకు ప్లాన్ ఉంది. బియ్యం, పప్పు ఆదోనిలో కొనాలని ఎక్సెల్ షీట్లో రాసుకున్నా.

శెట్టి: ఆదోని పత్తి మార్కెట్‌కు పేరు సార్. దూది వండుకుంటారా? కందిబ్యాళ్లు, జొన్నలు, ఉగ్గానికి బొరుగులు నా దగ్గరే తీసుకోండి. ఇట్లా ఇల్లు వెంటేసుకొని తిరిగిన దొర ముందే ఒకాయన ఉన్నాడు, మన్రో. 1800 నుంచి ఏడేండ్లు ఈ సీమకు కలెక్టరు, కాపురమంతా డేరాల్లోనే. గవర్నరైనాక మళ్లా ఈ పక్కకొచ్చి, 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో పోయినాడు.

సారు: (చేతిలో బాటిల్ మూత బిగించి) నీళ్ల క్యాన్లు నాలుగివ్వండి.

(మేస్త్రీ వస్తాడు.)

మేస్త్రీ: శెట్టీ, మూడు మూటల జొన్నలు, బ్యాళ్లు, ఉప్పు, కారంపొడి. బిరీన కట్టించు, గుంటూరు పోవల్ల.

శెట్టి: మిరపకాయలు కోసేకి పోతా కారంపొడి ఈడ కొంటావేమప్పా?

మేస్త్రీ: కోసేది మేమే గానీ కాయ మాది కాదు గదా. ఆడ రొక్కమిస్తేనే సరుకు. ఈడైతే నీ లెక్క పుస్తకముంది.

సారు: మీది కూడా కారవానేనా! పడకలెన్ని?

మేస్త్రీ: పడకలు యాడివి సార్! ముప్పై మందిమి, మూటల మీదే. పొయ్యి, చట్లు, పిల్లోళ్లు, ఒక మేకపిల్ల.

సారు: వావ్, మినిమలిజం! ఎన్ని రోజుల టూర్?

మేస్త్రీ: ఉగాది దాకా.

సారు: అన్నాళ్లు లీవు ఎవరిస్తారు?

మేస్త్రీ: మమ్మల్నెవరు ఆపుతారు సార్. పిల్లోళ్లకే బడి పోతాది.

శెట్టి: (పుస్తకంలో రాస్తూ) సుగ్గి నుంచి వచ్చినాక తీర్చు. నూటికి రెండు. తెలిసిందే గదా.

సారు: నెలకా? ఇంత వడ్డీనా! నా కారవాన్ ఈఎంఐ నయం. ఇంకో ఐదేళ్లు కడితే బండి నాదే.

మేస్త్రీ: అయితే మీరు కూడా అప్పు తీర్చేకే తిరుగుతాండారా సార్?