టై కట్టిన చదువు

ప్రైవేటు బడి యూనిఫాం అంటే ఒక్క అంగీ, లాగు కాదు. ఎలాస్టిక్ టై, బడి పేరు చెక్కిన బకిల్ బెల్టు, మెడలో ఐడీ కార్డు, నల్ల బూట్లు, శనివారానికి తెల్లడ్రెస్సు, దానికి తెల్ల కాన్వాస్ బూట్లు, ఇవన్నీ కలిస్తే ఒక యూనిఫాం. పేద, ధనిక తేడా కనపడకుండా చూడడం దీని ఉద్దేశమని బ్రోచర్లలో ఉంటుంది. ఫీజు కట్టలేనివాళ్లు గేటు బయటే ఆగిపోతారు కాబట్టి ఆ ఉద్దేశం అడ్మిషన్ల నాడే నెరవేరుతుంది.

యూనిఫాం పుట్టింది మాత్రం పేదల కోసమే. 1552లో లండన్‌లో అనాథల కోసం వెలసిన క్రైస్ట్స్ హాస్పిటల్ బడిలో పిల్లలకు నీలం కోట్లు తొడిగారు. ధర్మానికి చదివే పిల్లలెవరో ఊరికి తెలిసేది. ఇప్పుడు డబ్బు కట్టి చదివేదెవరో తెలుస్తోంది.

నిజాం రోజుల్లో ప్రైవేటు బడిని ఖాన్గీ బడి అనేవారు. సర్కారు బళ్లో ఉర్దూయే తప్ప తెలుగు చదువు సరిగా దొరకదని జనం వాటిని పెట్టుకున్నారు. నేటి ప్రైవేటు బడి, పిల్లల నోట తెలుగు రాకుండా చూస్తామని హామీ ఇస్తుంది.

మండల కేంద్రంలోని చిన్న ప్రైవేటు బడి చరిత్రను యూనిఫాంను బట్టి మూడు దశలుగా చెప్పవచ్చు. మొదటిది పెంకుటింటి దశ. డిగ్రీ అయ్యి కొలువు దొరకని యువకుడు కరస్పాండెంట్ అవుతాడు. ఆకాశనీలం అంగీ, ముదురు నీలం లాగు ఏ బట్టల దుకాణంలోనైనా దొరుకుతాయి. పక్క వీధిలో ఇంకో బడి తెరవగానే రెండోది, టై దశ. పేరు చివర ‘టెక్నో’ చేరితే మూడోది, గళ్ల దశ. ఆ గళ్ల బట్ట ఒక్క దుకాణంలోనే దొరుకుతుంది. అన్న అంగీ తమ్ముడికి పనికిరాకుండా గళ్లు మారుతుంటాయి.

1994 నాటి జీవో నంబర్ 1 ప్రకారం వసూలైన ఫీజులో యాజమాన్యానికి దక్కేది 5 శాతమే, సగం టీచర్ల జీతాలకు పోవాలి. టై, బెల్టు ఫీజు పద్దులో ఉండవు కాబట్టి వాటికి శాతాల బాధ లేదు.

కొన్ని మండలాలు గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో ఉంటాయి. 2016లో కొత్తగూడ నుంచి విడిపోయి మండలమైన గంగారం అలాంటిదే. ఇలాంటి చోట ప్రైవేటు బడికి గట్టి పోటీ ఆశ్రమ పాఠశాల. అక్కడ తిండి, బట్ట, పుస్తకం అన్నీ ఉచితం. ఊరికే వచ్చేదాని మీద తల్లిదండ్రులకు గురి కుదరకపోవడమే ప్రైవేటు బడికి పెట్టుబడి. సర్కారు బడి పిల్లలకు ఏటా రెండు జతలు మహిళా సంఘాలు కుట్టిస్తున్నాయి. 2024లో జత కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75కు పెరిగింది.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఇక ఫీజుకు మిగిలిన కారణం టై ఒక్కటే. అందుకే ఒంటిపూట బడుల ఎండల్లోనూ అది మెడ దిగదు.