సిద్ధుల గుట్ట మీది నీటి ఎలుగు

ఆర్మూరు సిద్ధుల గుట్ట మీద ఒక బండకు పట్టిన నాచులో పుట్టాను. అర మిల్లీమీటరు కూడా ఉండను. కాళ్లు ఎనిమిది, ప్రతి కాలికీ గోళ్లున్నాయి. నాచు రేకుల నడుమ నిలిచే పల్చటి నీటిపొరే నాకు చెరువు. 1773లో గోజ్ అనే జర్మన్ పాస్టర్ మావాళ్లను చూసి 'చిట్టి నీటి ఎలుగు' అన్నాడు. నిదానమైన మా నడకను బట్టి వచ్చిన శాస్త్రీయ నామం టార్డిగ్రేడ్.

కింద కళ్లాల్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండే రోజుల్లో పైన నేనూ ఎండుతాను. కాళ్లు లోపలికి ముడుచుకుని చిన్న గింజలా అయిపోతాను. ఒంట్లో నీరు దాదాపు అంతా పోతుంది, ఊపిరీ ఆకలీ ఆగిపోతాయి. 2007లో అంతరిక్షానికి పంపితే బతికొచ్చామని మమ్మల్ని చావులేని వాళ్లంటారు. అది నిజం కాదు. మా జాతుల్లో ఒకదాన్ని పరీక్షిస్తే, తడిగా ఉన్నప్పుడు సుమారు 37 డిగ్రీల వేడిలో ఒక్కరోజుకే సగం చచ్చిపోయాయి. మే నెల ఎండలు ముదిరేలోగా ఎండిపోవడం ఒక్కటే నాకు దారి.

ఒక వానాకాలం సైన్సు సారు పిల్లలతో గుట్టెక్కి, నాచు గీకి బడికి తీసుకుపోయారు. సూక్ష్మదర్శినిలో నన్ను చూసి ఒక పిల్ల అరిచింది: "సార్, ఎలుగ్గొడ్డు లెక్కుంది!"

సారు గోడ మీది బొమ్మ చూపించారు. ఆస్ట్రేలియా కోవాలా. "దాన్నీ ఎలుగనే అంటరు. రెండూ ఎలుగులు కావు బిడ్డా."

ఆ రోజు విన్నది ఇప్పటికీ మరవలేదు. కోవాలా పిల్ల పుట్టినప్పుడు రెండు సెంటీమీటర్లే ఉంటుంది, తల్లి పొట్టసంచిలో ఆరు నెలలు పెరుగుతుంది. మాలో కొన్ని జాతుల తల్లులు విడిచిన కుబుసంలోనే గుడ్లు పెడతాయి. సంచి సంగతిలో మేం చుట్టాలమే అనిపించింది. అది తినేది నీలగిరి ఆకు, మీరు జామాయిల్ అనే ఆ చెట్టుదే. విషమున్న ఆకును అరిగించుకోవడానికి రోజులో పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోతుంది. నీరు కూడా ఎక్కువగా ఆ ఆకుల నుంచే.

నిద్రపోతుంది గానీ, నాలా ఎండి ఎదురుచూడలేదు. దానికి చెట్టు ఈ రోజే కావాలి. 2019-20 కార్చిచ్చులో వేలాది కోవాలాలు పోయాయి. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రాల్లోనూ కాన్‌బెర్రా ప్రాంతంలోనూ వాటిని అంతరించే ముప్పున్న జీవులుగా ప్రకటించారు. నా ఓర్పులో కొంత దానికి ఇవ్వగలిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ పిల్ల నేనున్న నీళ్లను మోరీలో పారబోయలేదు. మళ్లీ గుట్టెక్కి బండ మీదే పోసింది. అందుకే ఈ కథ చెప్పగలుగుతున్నాను.

వాన వెలిశాక మీరూ రండి. గోరంత నాచు తీసుకెళ్లి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ చుక్కను సూక్ష్మదర్శినిలో చూడండి. చూశాక ఆ నీళ్లను నాచు మీదే పోయండి.