రూటు లెక్కను తప్పకుండా తప్పు చేయడమెట్ల?

తమ్మీ, బీబీపేటల కామారెడ్డి బస్సు ఎక్కేలోపు హోంవర్కు ముగించాలంటే ఇదొక్కటే మార్గం. రూటు గుర్తు కనబడంగనే రెండు వైపులా వర్గం చెయ్. అది కూడా ముక్కముక్కగా: √ఎక్స్ + 3 వర్గం ఎక్స్ + 9. నడుమ 6√ఎక్స్ ఉండాలని సార్లు అంటారు. దాన్ని రాస్తే రూటు మళ్లీ మెడకు చుట్టుకుంటది, వదిలెయ్. రూటును ముందుగా ఒక పక్కకు ఒంటరిగా తెచ్చుకొని, ఆ తర్వాతే వర్గం చేయమనేది కూడా వాళ్లే. వాళ్లకు పీరియడంతా టైముంది, నీకు బస్సుంది.

రూటు కింద 9 + 16 ఉంటే 3, 4 కలిపి 7 వెయ్. 25కు రూటు 5 కదా అని పక్కోడంటే బెంచీ మార్చు.

ఇక √(ఎక్స్ + 6) = ఎక్స్. వర్గం చేస్తే 3, –2 వస్తాయి. రెండూ రాసెయ్, మనది పెద్దచెయ్యి. –2ను మొదటి సమీకరణంల పెట్టి మాత్రం చూడకు. చూసినవనుకో, ఎడమ దిక్కు రూటు 4, అంటే 2. కుడి దిక్కు –2. 2కూ –2కూ వర్గం 4యే కాబట్టి, వర్గం చేసినప్పుడు గుర్తు చెరిగిపోయి, ఆ సందుల దొంగ జవాబు దూరిందని తెలిసిపోతది. ఒక్కసారి తెలిసిందా, ఇగ జన్మంతా ప్రతి లెక్కా సరిచూసే జబ్బే.

ఈ రూటు లెక్కలు పాతవే. 9వ శతాబ్దంల, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంల, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాసిండు. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు చేసిండు. మూలంల ఒక ఒంటెల లెక్కుంది: మందల నాలుగో వంతు అడవిల, మంద రూటుకు రెండింతలు కొండవాలుల, 15 ఏటి ఒడ్డున. మంద ఎంత? 36. నాలుగో వంతు 9, రూటు 6కు రెండింతలు 12, ఏటి ఒడ్డున 15, కూడితే సరిపోయింది. కానీ సార్లన్నట్టే రూటును ఒక పక్కకు తెచ్చి వర్గం చేస్తే ఇంకో జవాబు కూడా వస్తది: తొమ్మిదింట వంద, అంటే 11 ఒంటెలు, పైన ఒక ఒంటెల తొమ్మిదో వంతు.

అది కూడా రాయి, కొట్టెయ్యకు. 11 ఒంటెల మందల 15 ఏటి ఒడ్డున ఎట్ల నిలబడ్డయో దిద్దేటాయన చూసుకుంటడు. ఆ తొమ్మిదో వంతు తలనా, తోకనా అంటవా? ప్రశ్నల అడగలేదు.