అమ్మానాన్నలకు అంతుపట్టని యాప్ చేయడం ఎలా?

యాప్ తేలిగ్గా ఉంటే బెజవాడ నుంచి అవనిగడ్డ దాకా ఇంటర్నెట్ సెంటర్లన్నీ మూతపడతాయి. ఆ పాపం డిజైనర్లకు ఎందుకు? కాబట్టి ఈ కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

ముందు పేరును రెండు ముక్కలు చేయండి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు గీసి, రెండూ తప్పనిసరి అని ఎర్ర చుక్క పెడితే చాలు. ఇంటిపేరు ముందుండే తెలుగువాళ్లు మిగతా అవస్థ వాళ్లే పడతారు. బెజవాడ ఎస్సారార్ కాలేజీలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణనే తీసుకోండి. తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చినా ఈ ఫారం దగ్గర ఆయనకూ మినహాయింపు ఉండదు. పిలిచే వరసలో నింపితే విశ్వనాథ ఆయన సొంత పేరైపోతుంది, ఇంటిల్లిపాదీ సత్యనారాయణలవుతారు. తిప్పి నింపితే సర్టిఫికెట్‌తో కలవదు. ఒక కార్డులో పొడి అక్షరం ముందూ, ఇంకో కార్డులో వెనకా ఉంటే మరీ మంచిది. ఇంగ్లిష్‌లో 'థ'కు టీహెచ్చా, డీహెచ్చా అన్నది ఎలాగూ తేలదు. మొత్తానికి కంప్యూటర్‌కు ఒకే మనిషి నలుగురుగా కనిపిస్తాడు. ఆ నలుగురిలో ఎవరికీ పథకం డబ్బు పడదు.

'తెలుగు' బటన్ మొదటి పేజీలో ఉంటే చాలు. రెండో పేజీ నుంచి ఎవరడుగుతారు?

ఓటీపీ గడువు హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి అంకెలు కనుక్కునేలోగా అయిపోవాలి.

వేలిముద్ర కూడా అడగండి. నాట్లు వేసీ, కోతలు కోసీ గీతలు అరిగిపోయిన వేళ్లు దివిసీమలో కావలసినన్ని. ముద్ర పడకపోతే 'ఎర్రర్' అని పక్కన ఓ అంకె చూపించి ఊరుకోండి. తప్పు జరిగితే ఇప్పుడేం చేయాలో మామూలు మాటల్లో చెప్పమని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లోనే తన పది డిజైన్ సూత్రాల్లో రాశాడు. చెయ్యి తుడుచుకుని మళ్లీ పెట్టమనో, వేరే వేలు పెట్టమనో చెబితే పెద్దాయన పని నేర్చేసుకునే ప్రమాదముంది.

వెక్కిరింపు పక్కన పెడితే, 2011లో మీసేవ వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గిన మాట నిజం. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో తొలి విడతగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలు 161 వాట్సాప్‌లోకి వచ్చాయి. మెసేజ్ పెట్టడం వచ్చినవాళ్లకు మరో యాప్ నేర్చుకునే బాధ తప్పింది. అయినా ఇంట్లో అమ్మ ఫోన్ పట్టుకుని తడబడితే, "ఇటివ్వు, నీకు రాదులే" అని లాక్కునే చేతులు మనవే. ఆవిడకు రాకపోవడం ఆవిడ తప్పేనని యాప్ చేసినవాళ్లూ, కన్నపిల్లలూ కలిసే తీర్పు చెప్పేశారు.

ఐదుగురితో వాడించి చూస్తే లోపాలు చాలావరకు బయటపడతాయని 2000లో రాసిందీ నీల్సనే. కంకిపాడులోనో, గుడివాడలోనో మీసేవ కేంద్రం తలుపు తీసేసరికే ఆ ఐదుగురూ దొరుకుతారు. డిజైనర్లు ఒక్క పూట అక్కడికొచ్చి, సాయం చేయకుండా, నోరు మెదపకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి వెళ్లాలి.