పాత ట్రాక్టరు పద్యం – టీకా తాత్పర్య విశేషాంశ సహితం

అవతారిక

మూలం ఇంగ్లీషు వచనం. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1946 నుంచి 1956 దాకా తయారైన ఫెర్గూసన్ టీఈ-20 అనే చిన్న ట్రాక్టరుతో పాటు కొన్నవాడి చేతిలో పెట్టిన సూచనల పుస్తకమది. అందులో రసం లేదు, అలంకారం లేదు. ఉన్నదల్లా నూనె. అలాంటి వచనాన్ని ఉన్నదున్నట్టు వ్యాఖ్యానించడం టీకాకారుడి మర్యాదకు తక్కువ. అందుకని పుస్తకసారాన్ని ముందు ఒక ఆటవెలదిలో బిగించి, ఆపైన టీక రాస్తున్నాం. మూలమూ తానే, టీకా తానే రాసుకోవడం ఎక్కడి న్యాయమని అడుగుతారేమో. తానే దున్ని తానే విత్తుకునే చిన్న రైతు న్యాయమే ఇక్కడా చెల్లుతుంది.

మూలం

బండి నడుపు ముందు పత్రముల్ చదువుము
నూనె మట్ట మరసి నోము వలెను
గేరు రాడు జరిపి కీలెఱింగి నడుపు
పాత పుస్తకమును భద్రపఱచు

ప్రతిపదార్థం

(ఓ ఆసామీ అని సంబోధన తెచ్చుకోవాలి.) బండి = ఫెర్గూసన్ ట్రాక్టరును; నడుపు ముందు = తోలబోయే ముందు, అనగా తోలి కాలవలో దించిన తరువాత కాదు; పత్రముల్ = చేతిపుస్తకపు పుటలను; చదువుము = చదువు, బొమ్మలు చూసి ఊరుకోకు; నూనె మట్టము = ఇంజను ఆయిలు ఎంతవరకు ఉన్నదీ; అరసి = గేజి కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసి; నోము వలెను = ఒక్కరోజైనా నాగా లేకుండా; గేరు రాడు = గేరు కడ్డీని; జరిపి = తగిన గడిలోకి తోసి; కీలు ఎఱింగి = ఏది దేనితో ముడిపడి ఉన్నదో తెలుసుకొని; నడుపు = తోలు; పాత పుస్తకమును = మొదటి పాదంలో చెప్పిన ఆ పుటలనే, అట్ట ఊడినా సరే; భద్రపఱచు = దాచు, దాచినచోటు గుర్తుంచుకో.

తాత్పర్యం

చదివి, చూసి, తెలుసుకొని తోలాలి. ఆ తెలివి ఇచ్చిన పుస్తకాన్ని పారేయకూడదు.

ఛందస్సు

బం–ప, నూ–నో, గే–కీ, పా–భ యతులు కుదిరాయి. గేరు, రాడు అన్యదేశ్యాలు కదా, పద్యంలో ఎలా ఒప్పుతాయని లాక్షణికులు కోప్పడవచ్చు. మన పొలాల్లో ఒప్పినవి మన గణాల్లో ఒప్పవా?

విశేషాంశాలు

మొదటి పాదం: బండి అనగా సామాన్యమైన బండి కాదు. దీన్ని కల్పించిన హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతుబిడ్డ. ట్రాక్టరు జోలికి రాకముందే, 1909 డిసెంబరు 31న, సొంతంగా చేసుకున్న విమానాన్ని ఎగరేసినవాడు. అమెరికాలో హెన్రీ ఫోర్డుతో 1938లో చేయి కలిపి, కాగితం మీద సంతకమన్నది లేకుండా ఒప్పందం చేసుకున్నాడు. ఫోర్డు మనవడు 1947లో ఆ పొత్తు తెంచాడు. వ్యాజ్యం నడిచి 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ అయింది. నోటిమాటకూ రాతకూ ఉన్న తేడా అంత ఖరీదైనది. కాబట్టే కవి ‘పత్రముల్’ అన్నాడు.

ఆ తగవు తెగకముందే బండి కోవెంట్రీలో పుట్టింది. యుద్ధకాలంలో విమానాల ఇంజన్లు చేసిన బ్యానర్ లేన్ ఫ్యాక్టరీలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ వాళ్లు దీన్ని తయారు చేశారు. పదేళ్లలో ఐదు లక్షలకు పైగా బయటికి వచ్చాయి. అన్నిటికీ ఒకే బూడిద రంగు. వాటిలో కొన్నింటికి గొలుసు పట్టాలు తొడిగి ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది. ఆ దారిలో షెడ్డూ లేదు, స్పేరుపార్టుల దుకాణమూ లేదు. బండి మర్మం తెలిసినవాడే దిక్కు.

పాఠభేదాలు: ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పైకి అన్నీ ఒక్కలాగే కనిపించినా బండి పేరులో ఒక అక్షరం మారితే ఇంజను మారుతుంది. టీఈ అని ఊరుకుంటే అమెరికా నుంచి తెచ్చిన కాంటినెంటల్ పెట్రోలు ఇంజను. స్టాండర్డ్ వారి సొంత ఇంజను ఇంకా సిద్ధం కాని రోజుల ఏర్పాటది. టీఈఏ అంటే స్టాండర్డ్ పెట్రోలు. టీఈడీ అంటే వేపరైజింగ్ ఆయిల్ అనే కిరసనాయిలు జాతి ఇంధనం. టీఈఎఫ్ అంటే 1951లో వచ్చిన డీజిలు. టీఈహెచ్ అంటే దీపాల నూనె. డీజిలు బండికి పెట్రోలు బండి పుస్తకం చదివినవాడు లేని స్పార్కు ప్లగ్గు కోసం వెతుకుతూ పొద్దు గుంకిస్తాడు. అందుచేత ముందు చదవాల్సింది పుస్తకం కాదు, బండి మీది నంబరు పలక.

రెండవ పాదం: ‘నోము వలెను’ అనడంలో ఔచిత్యం ఉంది. నోముకు నియమమున్నట్టే దీనికీ ఉంది. బండి చదునైన నేల మీద నిలవాలి, ఇంజను ఆపి కాసేపు ఆగాలి, కడ్డీని తుడవకుండా చూసిన చూపు చెల్లదు.

ఇందులో ఒక సూక్ష్మం. నూనె తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. నూనె పెరిగితే? టీఈడీ బండిని పెట్రోలు మీద స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలు జాతి ఇంధనానికి మార్చాలి. తొందరపడి చల్లటి ఇంజనుకే మార్చేస్తే అది పూర్తిగా కాలదు. కాలనిది పిస్టన్ల పక్క నుంచి జారి కింది ఆయిల్లో కలుస్తుంది. కడ్డీ మీద మట్టం పెరుగుతుంది, ఆయిలు పలచనవుతుంది, బేరింగులు అరుగుతాయి. ‘పొయ్యకుండానే నూనె పెరిగింది, లక్ష్మీ కటాక్షం’ అని మురిసిన ఆసామికి ఆ కటాక్షం మెకానిక్కు బిల్లు రూపంలో అందుతుంది. ఆపేటప్పుడు కూడా కాసేపు పెట్రోలుకు తిప్పి ఆపాలి. లేకపోతే మర్నాడు కార్బురేటరులో నిన్నటి ఇంధనమే మిగిలి స్టార్టుకు మొండికేస్తుంది.

మరొకటి. ఈ బండిలో గేరుబాక్సుకూ, వెనక హైడ్రాలిక్ లిఫ్టుకూ నూనె ఒక్కటే. చేతికందిన ఆయిలు గేర్లలో పోసి, నాగలి ఎందుకు లేవడం లేదని ఆకాశం వంక చూసే వారిని ఉద్దేశించే కవి ఏకవచనంలో ‘నూనె’ అన్నాడని మా అభిప్రాయం. యతి కోసం అన్నాడని గిట్టనివాళ్లు అంటారు.

మూడవ పాదం: ‘గేరు రాడు జరిపి’ అన్న తరువాతే ‘నడుపు’ రావడం క్రమాలంకారం. ఈ బండికి సెల్ఫు బటను వేరే లేదు. గేరు రాడునే ‘ఎస్’ అనే గడిలోకి తోస్తే ఇంజను తిరుగుతుంది. రాడు ఒకేసారి రెండు గడుల్లో ఉండలేదు కనుక గేరులో ఉండగా బండి స్టార్టయి ఎదుటివాడి మీదికి ఉరికే ప్రసక్తే లేదు. మనిషి మతిమరుపును ముందే లెక్కగట్టిన కట్టడి ఇది.

‘కీలెఱింగి’ అన్నది పద్యానికే కీలకం. మొదటి కీలు: లిఫ్టు పంపును తిప్పేది, ఇంజను బలాన్ని వెనక పనిముట్లకు అందించే పీటీఓ దారే. పీటీఓ లీవరు వెయ్యకపోతే లిఫ్టు కదలదు. క్లచ్చి తొక్కితే పంపూ ఆగుతుంది. ‘క్లచ్చి తొక్కి నాగలి ఎత్తుదాం’ అనుకున్నవాడికి నాగలి మాట వినదు. బండికి రోగమని షెడ్డుకు తోలతాడు, రోగం పుటలు తిప్పని వేళ్లలో ఉంది. తరువాత వచ్చిన ఫెర్గూసన్ 35 నమూనాకు రెండంచెల క్లచ్చి వచ్చాక ఈ చిక్కు తీరింది.

రెండవ కీలు మూడు లింకుల కట్టు. కింద రెండు, పైన ఒకటి. నాగలి గట్టి నేలను తాకినప్పుడు పైలింకును ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు ఒక స్ప్రింగును నొక్కి, హైడ్రాలిక్ వాల్వును కదిలిస్తుంది. నాగలి తనంతట తాను రవ్వంత లేస్తుంది, బరువు వెనక చక్రాల మీదికి వస్తుంది, చక్రం పట్టు దొరకబుచ్చుకుంటుంది. చిన్న బండి పెద్ద పని చేసిన రహస్యం ఇదే. అంతకు ముందటి ట్రాక్టర్లు నాగలిని ఈడ్చేవి. నాగలి రాయికి తగిలితే ముందు చక్రాలు లేచి, బండి తోలేవాడి మీదనే వెనక్కి తిరగబడేది. పైలింకు ఆ తిరగబాటును అడ్డుకుంటుంది.

ఆక్షేపం: పైలింకు అంత బలమైనదైతే, బురదలో దిగబడిన బండిని లాగడానికి గొలుసు దానికే కట్టవచ్చు కదా?

సమాధానం: ప్రాణం మీద తీపి ఉన్నవాడు కట్టడు. గొలుసు ఇరుసుకన్నా ఎత్తులో కడితే లాగే కొద్దీ ముందు భాగం గాల్లోకి లేస్తుంది. గొలుసు ఎప్పుడూ కింది డ్రాబారుకే. ఈ ఒక్క వాక్యం కోసమైనా పుస్తకం అటకెక్కకూడదు.

ఈ మూడు లింకుల కట్టు కోవెంట్రీతో పోలేదు. పేటెంటు గడువు తీరాక కంపెనీలన్నీ ఎత్తుకున్నాయి. ఇప్పుడది ఐఎస్ఓ 730 అనే అంతర్జాతీయ కొలత. గోదావరి డెల్టాలో దమ్ముకు దిగే బండికైనా, పాలమూరు మెట్టలో గొర్రు తోలే బండికైనా వెనక కనిపించే కట్టు అదే. వంశవృక్షం కావాలన్నవారికి: ఫెర్గూసన్ 1953లో మాసీ హ్యారిస్‌తో కలిసి, 1958లో మాసీ ఫెర్గూసన్ అయింది. మద్రాసులో 1960లో పుట్టిన టాఫే ఆ బండ్లను మనకు తెచ్చింది. మన ఊళ్లలో తిరిగిన మాసీ 1035 ఆ 35కు సంతానమే.

నాలుగవ పాదం: ‘పాత పుస్తకమును’ అన్నాడే గాని ‘పుస్తకమును’ అని ఊరుకోలేదు. ఇందులోనే కవిహృదయం ఉంది.

ఆక్షేపం: స్కాను చేసిన ప్రతులు ఫోనులోనే దొరుకుతుండగా, ఎలుకలు కొరికిన కాగితం ఎందుకు?

సమాధానం: స్కానుకు ఎక్కేది సాధారణంగా శుభ్రమైన ప్రతి, అనగా ఎవరూ వాడని ప్రతి. అందులో మూలం ఉంటుంది, వ్యాఖ్య ఉండదు. వాడిన ప్రతిని చూడండి. 1-3-4-2 అని సిలిండర్లు వెలిగే వరుస ఉన్న పుట మిగతా వాటికన్నా నల్లగా ఉంటుంది, గ్రీజు వేలిముద్రలతో. ఆయిలు మార్చిన తేదీలు అట్ట లోపల వరసగా ఉంటాయి. పుస్తకం చెప్పిన కొలత పక్కన పెన్సిలుతో ‘ఇంకొంచెం వదులు’ అని ఉంటుంది. ఆ ముక్క ఏ ఇంజనీరూ రాయలేదు. ఆ నేలలో, ఆ ఎండలో, ఆ బండితో కొన్నేళ్లు పోరాడినవాడు రాశాడు. మూలం కంపెనీది, వ్యాఖ్య రైతుది. బ్యానర్ లేన్ ఫ్యాక్టరీ 2000ల తొలినాళ్లలో మూతపడింది. మూలకర్తను అడగడానికి లేదు. మిగిలింది వ్యాఖ్యాతలే.

ఇంగ్లండులో రీడింగ్ విశ్వవిద్యాలయపు గ్రామీణ జీవన మ్యూజియం పొలం పనిముట్లతో పాటు ట్రాక్టరు కంపెనీల కాగితాలను కూడా పదిలపరుస్తోంది. మన దగ్గర ఆ మ్యూజియం పేరు ట్రంకుపెట్టె. బ్యాంకు లోను కాగితాల కింద, ఆర్సీ పుస్తకం పక్కన, జెటార్ సాంకేతికతతో వచ్చిన హెచ్ఎంటీ పుస్తకమో, దుర్గాపూర్ పరిశోధనశాల రూపకల్పనతో 1974లో వచ్చిన స్వరాజ్ 724 పుస్తకమో ఉంటే, అది ఇంటిదే కాదు, ఊరిదీ.

దాచే విధి: తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు తీసి నూలుదారంతో కుట్టాలి. చినిగిన చోట సెల్లోటేపు అంటించరాదు, అది పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. వేపాకు పెట్టెలో వేయవచ్చు, పుటల మధ్య పెడితే మరక పడుతుంది. స్కాను చేసేటప్పుడు అట్టలు, ఖాళీ పుటలు, మడతపెట్టిన గ్రీజు పాయింట్ల పటం అన్నీ ఎక్కాలి. పటాన్ని ముక్కలుగా తీసినా అంచులు ఒకదానిపై ఒకటి రావాలి. ఫైలు పేరులో నమూనా అక్షరం, పుస్తకం నంబరు, అచ్చయిన ఏడు ఉండాలి. ‘ట్రాక్టరు కొత్తది ఫైనల్ 2’ అని పేరు పెట్టినవాడు దాచినట్టు కాదు, పాతిపెట్టినట్టు. అన్నిటికన్నా ముఖ్యం: గ్రీజు మరకలను కంప్యూటరులో చెరిపి తెల్లగా చేయకూడదు. తెల్లబడిన పుటలో వ్యాఖ్యాత చచ్చిపోతాడు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని టీకతో సహా చదివినవాడు పైలింకుకు గొలుసు కట్టడు. క్లచ్చి తొక్కి లిఫ్టును తిట్టడు. విని కూడా ఆయిలు గేజి తియ్యనివాడికి రీబోరింగు ఖర్చు ప్రాప్తిస్తుంది. పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసినవాడు, మరుసటి దుక్కికి అదే పుస్తకం కోసం తాను అమ్మిన ధరకు వందరెట్లు పెట్టి వెతుకుతాడు.

టీకలో లోపాలుంటే పెద్దలు అంచులో సవరించవచ్చు. పెన్సిలుతోనే రాయాలి. బాల్‌పెన్ను సిరా డీజిలు తగిలితే కరుగుతుంది, పెన్సిలు రాత కరగదు.

ఇతి ట్రాక్టరు పద్య టీక సంపూర్ణం.