ఆరు కొమ్ముల రౌటర్

మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్. వీడియో మీటింగ్‌లో మేనేజర్ మొహం గళ్లుగళ్లుగా చెదిరిపోతోందని అయ్యగారు ఆరు యాంటెన్నాల రౌటర్ కొనుక్కొచ్చారు. చూడ్డానికి వెల్లకిలా పడ్డ పీతలా ఉంది.

దాన్నెక్కడ పెట్టారు? టీవీ వెనక చెక్క అరలో, తలుపేసి! వైర్లు కనబడితే హాలు అందం పోతుందట.

అసలే వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. పై ఫ్లాటు, కింది ఫ్లాటు, పక్క ఫ్లాటు అన్నీ వాటిమీదే పడి కొట్టుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ సందడీ ఆ దరిదాపుల్లోనే! 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువే గానీ, రెండు కాంక్రీటు గోడలు ఎదురైతే నీరసపడుతుంది.

అయ్యగారిప్పుడు ఎనిమిది కొమ్ములది వెతుకుతున్నారు.

అయ్యా, ముందా తలుపు తీయండి!